ఏడో నెంబరు

అంబాజీపేట హైస్కూల్లో వాలీబాల్ ఫైనల్ పోయాక
కొబ్బరిపీచు గుట్ట పక్కన
నెట్టు తనే విప్పుకుంటున్నాడు వీర్రాఘవులు మాస్టారు.

"మళ్ళీ వచ్చేవా? పోయినేడు
'చేతులెత్తేశారు' అని రాసింది నువ్వేగా!
ఆ ముక్క చదివి మా పిల్ల
రెండ్రోజులు గ్రౌండుకి రాలేదు. నడువ్."

పెన్ను జేబులోకి దూరింది.
బండి సీటు మీద పుస్తకం పెట్టి
జెర్సీల వెనక నెంబర్లు మాత్రం దించుకున్నాను.

రాత్రి పదకొండింటికి ఫోను.
"ఏడో నెంబరు సత్యవేణి. వాణి కాదు.
ఏత్వం మర్చిపోకు."
పెట్టేశాడు.

డెస్కులో మూడు లైన్లకి కోశారు.
స్కోరు మిగిలింది,
ఏత్వంతో సహా పిల్ల ఎగిరిపోయింది.

పొద్దున్నే గేటు దగ్గర
పేపరు గొట్టంలా చుట్టి పట్టుకుని
ఆయన.
నోరు తెరవకముందే
హెల్మెట్ తీసేశాను.