నాలుగు మీటర్ల సెలవు

పంద్రాగస్టు అయిపోయింది.
బడిపిల్లల తెల్లబట్టలన్నీ ఇచ్చేశాం.
సీతాఫల్‌మండి గల్లీలో షాపు షటర్ సగం దించి
కటింగ్ బల్ల మీద రైల్వే క్యాలెండర్ తిరగేసి
దాని వెనకున్న పటం చుట్టూ
ముగ్గురం కూర్చున్నాం.

నాలుగు రోజులు దొరికాయి.
నాలుగు మీటర్ల గుడ్డ దొరికినట్టే,
పన్నా ఎంతో మాత్రం తెలీదు.
ఇందులోంచే ఒక సముద్రం తియ్యాలి, ఒక పట్నం తియ్యాలి,
మిగిలితే ఒక పల్లె.

"పట్నమెందుకే, పట్నంలనే ఉన్నం గదా" అన్నా నేను.
అనసూయ ఒప్పుకోదు.
బెజవాడ వన్‌టౌన్‌లో లైనింగు గుడ్డా, జిప్పులూ
టోకున ఎంత పడతాయో కనుక్కోవాలట.
"ఊకనే తిరిగొస్తే పాపం తగుల్తది" అంటుంది.
నిజంగానే నమ్ముతుంది ఆ మాట.

షాహిదా కాజాలు కుడుతుంది.
పద్దెనిమిదేళ్ళలో ఎన్ని కుట్టిందో లెక్కలేదు.
అన్నీ తెరిచిన కళ్ళే,
ఒక్కటీ సముద్రం చూడలేదు.
"హుస్సేన్ సాగర్ ఉండె గదా" అని ఎక్కిరించింది అనసూయ.
"అవతలి ఒడ్డు కనపడ్తే దాన్ని సముద్రమనరు"
పళ్ళతో దారం తెంపి అంది షాహిదా.
కాసేపు ఫ్యాను చప్పుడే.

నాకు పల్లె కావాలి.
మా ఊరు కాదు. మా ఊరొద్దు.
అక్కడ ప్రతి అరుగూ అడుగుతుంది మీ ఆయన ఇంకా రాలేదా అని,
అడిగి, ఒక జాకెట్టు ముక్క చేతిలో పెడుతుంది.
నాకు ఎవరి చుట్టమూ లేని ఊరు కావాలి.
కొల్లూరు అవతల ఏదో లంక,
గెల బరువుకి వెదురు పోటు పెట్టిన అరటితోట,
అందులో గోనెసంచి పరుచుకుని
పన్నెండు నుంచి మూడు దాకా
సూదిలోకి దారం ఎక్కించకుండా పడుకోవాలి.
అంతే.
చెబితే ఇద్దరూ నవ్వారు.

టేపు పెట్టి కొలిచాను.
సికింద్రాబాదు నుంచి బాపట్ల, పటంలో మూడంగుళాల పావు.
అక్కణ్ణుంచి సూర్యలంక గోరంత కూడా లేదు.
ఆ గోరంతకి ఆటోవాడు ఎంతడుగుతాడో
టేపులో ఉండదు.

శుక్రవారం రాత్రి రైలు. అది కుట్టుకి వదిలే అంగుళం,
పైకి కనపడదు, లేకపోతే బట్ట నిలవదు.
శనివారం సముద్రం.
ఆదివారం కూడా సముద్రమే, షాహిదా పంతం.
సోమవారం లంక, మంగళవారం బెజవాడ,
ఆ రాత్రికి మళ్ళీ రైలు.

రోజుకి ఇరవై చొప్పున ముగ్గురం దాచిన బిస్కట్ డబ్బా బోర్లిస్తే
నోట్లతో పాటు ఎర్ర గుండీలు దొర్లాయి.
గుండీలు ఏరేశాక లెక్క సరిపోయింది.

అప్పుడే ఫోను.
వారాసిగూడ బడి నుంచి. నూటనలభై ట్రాక్ ప్యాంట్లు, బుధవారం సాయంత్రానికల్లా.
కాదంటే వచ్చే ఏడు యూనిఫారాలు ఇంకొకరికి పోతాయి.
కాదనలేదు.
ఒక మీటరు పోయింది.

ఎవరి ముక్క కత్తిరించాలి?
అనసూయ బెజవాడ మీద వేలు పెట్టింది, తీసేసింది.
"సముద్రం ఒక్క రోజు చాల్తీ" అంది షాహిదా,
గొంతులో ఏ మడతా లేకుండా.
నేనేం మాట్లాడలేదు.
చెప్పడానికి సిగ్గే, కానీ చెబుతున్నాను,
మాట్లాడకపోతే నా లంక మిగులుతుందని
నోరు మూసుకున్నాను.

మిగిలిన మూడు రోజులకీ మూడు గుండుసూదులు గుచ్చాం.
కుట్టలేదు ఇంకా.
టికెట్లు వెయిటింగ్ లిస్టులో ఉన్నాయి,
పదకొండు, పన్నెండు, పదమూడు.

రాత్రి పదిన్నరకి షాహిదా గొంతు ఫోన్లో:
"తొమ్మిదికొచ్చింది అక్కా.
ఇంట్ల రూహఫ్జా సీస ఖాళీగుండె, కడిగి బోర్లిచ్చిన.
సముద్రం తెచ్చుకోనీకి అది సరిపోతదా?"

సరిపోతుందన్నాను.
మూతి దాకా నింపకు,
ఒక అంగుళం వదులు అన్నాను.