తడి అట్ట

కొత్తవాడల మా మగ్గం కాలు మీదికి
సన్నటి మన్ను తొవ్వ ఒకటి ఎక్కింది.
గోటితోని గీకితె
లోపట తెల్లటి జనం, ఎవ్వల పనిల వాళ్లు.

మందు డబ్బా ఏసుకొని వచ్చిన పిలగాడు
"గంటల సాఫ్ చేస్త, మూడొద్దులు
ఇంట్ల పండకుండ్రి" అన్నడు.
పొద్దంత గుంతల కాళ్లు పెట్టి కూసుండేదాన్ని,
పోగు తెగితె పెదవులతోని తడిపి ముడేసేదాన్ని.
మూడొద్దులు సరే, నాలుగోనాడు?
చాయ తాపి పంపిన.

ఉపాయం బుచ్చవ్వ చెప్పింది.
పాత అట్టడబ్బా చింపి, నానబెట్టి
రాత్రి మగ్గం పక్కకు పెట్టుమన్నది.
తెల్లారి ఎత్తితె
అట్ట కింద పెండ్లి బంతి!
తీస్కపోయి కోళ్ల ముందల దులిపిన.
నెల రోజులు గిదే పని;
కోళ్లకు నా అడుగుల సప్పుడు ఎరుకైంది.

కారే బిందెను గోడకెల్లి జరిపిన.
బీటల సున్నం కూరిన.
మగ్గం కాళ్లకు వేపనూనె, మూడు పూతలు.
బువ్వ సుత చేదున్నదని మా ఆయన గులిగిండు.

మొత్తం పోయినయని అనను.
మొన్న వాన ఎల్సినంక
రెక్కలు మొలిపిచ్చుకొని బుగ్గ కాడికి వచ్చినయి.
మా అత్తయితె వాటిని ఏంచి ఉప్పు సల్లేది.

నెమలి గీసిన గడుల కాయితం ఒక్కటి
తోక కాడ తిన్నయి.
మళ్ల గియ్యబుద్ధి కాలే.
కాయితం ఎట్లుంటె అట్లనే నేసిన,
తోకల నాలుగు తెల్ల గడులు.

జంపఖానా కొనేటామె ఆడ వేలు పెట్టి
ఇదేం డిజైన్, ఎవరిదని అడిగింది.

మా ఇంట్ల కిరాయికున్నోళ్లదన్న.