రాళ్ళ లెక్క

లీటరుకి పదహారు ఇచ్చే బండి
ఉగాది దాటాక పదకొండుకి దిగింది.
గుంటూరు యార్డులో మిరప శాంపిళ్ళేసుకుని
బెజవాడ వన్‌టౌన్ కొట్లకి వారానికి నాలుగు తిరుగుళ్ళు.
సీటు కింద ఎర్రట్ట పుస్తకం,
పోయించిన ప్రతి లీటరూ అందులో ఉంటుంది.
"తాగుతోంది" అన్నాను
ఆటోనగర్లో నాగుల్‌మీరాతో,
ఇంట్లో మనిషి మీద చాడీ చెబుతున్నట్టు
గొంతు కాస్త తగ్గించి.

ఆయన బానెట్ ఎత్తలేదు.
ముందు సైలెన్సర్ గొట్టంలో వేలుపెట్టి చూశాడు.
మసి. లుంగీకి తుడుచుకున్నాడు.
జాకీ మీద లేపి ఒక్కో చక్రం తిప్పి విన్నాడు,
బ్రేకు ఎక్కడా పట్టెయ్యడం లేదు.
మూడు ప్లగ్గులూ విప్పి గుడ్డమీద పరిచి
"ఇటుక రంగుండాలండీ ఇవి,
కాటుకెట్టుకు కూర్చున్నాయి చూడండి" అన్నాడు.

ఎయిర్ ఫిల్టర్ మూత తీశాడో లేదో
తుమ్ము.
పానా అందిస్తున్న ఏసుపాదం తుమ్మాడు.
పక్క షెడ్డులో లారీ కింద పడుకున్న మనిషెవరో
కనపడకుండానే తుమ్మాడు.
ఫిల్టరు మడతల్లో మూడేళ్ళ తేజ రకం,
నేను మోసిన సరుకే, పొడిపొడిగా.
"ఊపిరాడక పెట్రోలు మింగుతోంది, పాపం."
కళ్ళు తుడుచుకుంటూ ఆయనే అన్నాడు.

కొత్త ఫిల్టరు వేశాడు, కార్బురేటర్ కడిగాడు,
సగంలో ఇరుక్కున్న చోక్ తీగకి నూనె చుక్క.
ఏడొందల ఎనభై. బేరమాడలేదు.

వారం తిరిగి చూస్తే పన్నెండున్నర.

"ఆ పుస్తకం ఇటివ్వండి" అన్నాడు నాగుల్‌మీరా.
వరసల వెంట జిడ్డు వేలు దిగుతూ దిగుతూ ఆగింది.
"గుంటూరు నుంచి వన్‌టౌన్‌కి
ఒకరోజు ముప్పయ్యారు, ఒకరోజు ఇరవైతొమ్మిది.
రోడ్డేమైనా ముడుచుకుందాండీ?
ఇది రాసిందెవరు?"
నేనే.
"మరి చదివిందెవరు?"

కాజ టోల్‌గేటు దాటాక
కిటికీలోంచి తల బయటపెట్టి
ఏసుపాదం రాళ్ళు లెక్కపెట్టాడు.
పది రాళ్ళు.
మీటరు ఎనిమిది తిరిగింది.

గేరుబాక్సు పక్కనుంచి వేలిగోరంత ప్లాస్టిక్ చక్రం
బయటికొచ్చింది,
పాలపళ్ళు ఊడిన పిల్లాడి నవ్వులా
రెండు ఖాళీలతో.
బండి తాగనేలేదు అంతగా.
నడిచింది, నడిచినదంతా చెప్పుకోలేకపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు,
షావుకారు కిలోమీటరుకింత అని ఇచ్చేది
ఆ మీటరు చూసే.
ఉగాది నుంచి వినాయకచవితి దాకా
ఎన్ని రాళ్ళు ఊరికే దాటానో!

చెప్పాను.
కాటా మీంచి చూపు తిప్పకుండా విన్నాడాయన.
"రాళ్ళు సవాలక్ష చెబుతాయయ్యా,
మీటరు చెప్పాలి గానీ."

కొత్త చక్రం డెబ్బై రూపాయలు.
పాతది నా చొక్కా జేబులోనే ఉంది.
బంకులో చిల్లర తీసినప్పుడల్లా
వేలికి తగులుతుంది.
బండిని మాత్రం
మళ్ళీ ఎవరి దగ్గరా ఏమీ అనలేదు.