రబ్బరు వేలు

అవునండీ, ఆ రాత్రి డ్యూటీ నాదే.
పేరు క్రైన్. పాత హేగ్ నగరం మునిగిన ఏడాది పుట్టాను.
వెస్టర్‌హాల్ సముద్రపు తలుపు దగ్గర
పద్దెనిమిదేళ్ల కొలువు.

తలుపంటే మీ ఇంటి తలుపు కాదు.
ఆ చివర నిలబడ్డ మనిషి
ఈ చివరికి చీమంత కనపడే ఉక్కు గోడ.
దాని అవతల ఉత్తర సముద్రం.
ఇవతల, అలల మట్టానికి నాలుగు మీటర్లు కింద,
మా బేరి తోటలు, గొర్రెలు, బడి, మంచాలు.
జీలాండ్‌లో నేల దేవుడిచ్చాడని ఎవరూ అనరు.
నీళ్లు తోడి తోడి ఆరబెట్టుకున్నాం,
ఉతికిన దుప్పటిలా.

మా అమ్మమ్మ యాకోమీనా కాలంలో
తలుపుకి ఇత్తడి చక్రం ఉండేది.
ఆవిడ గాలి వాసన చూసేది,
తాడు ముడి తడిమేది,
"ఇవాళ మూయాలి" అనేది. అంతే.
పదహారు మంది తిప్పేవాళ్లు.
తప్పేదా అంటే, తప్పేది.
ఒకసారి ఊరికే మూయించి
ఆల్చిప్పల పడవల వాళ్ల చేత తిట్లు తింది.

తర్వాత యంత్రం వచ్చింది. కాపరి అని పిలిచేవాళ్లం.
చంద్రుడు ఎటు లాగుతాడో
చంద్రుడికన్నా ముందే దానికి తెలుసు.
ముప్పై ఒక్క ఏళ్లు
ఒక్క చుక్క లోపలికి రానివ్వలేదు.
చక్రాన్ని మ్యూజియానికి ఇచ్చేశాం.
పిల్లలు దాని మీదెక్కి ఫోటోలు దిగుతారు.

ఒక్కటే దాని చాదస్తం,
ఏం చేసినా ముందు అడుగుతుంది.
"మూయనా?" అవును.
"తెరవనా?" అవును.
"నాలుగో పంపు ఆపి అయిదోది వేయనా?"
అవును తల్లీ, అవును.
రాత్రికి నలభై సార్లు.

గిన్నెలు తోమే రబ్బరు తొడుగులోంచి
ఒక వేలు కత్తిరించి
పాత గడియారపు ముల్లుకి తొడిగి
"అవును" మీట మీద పెట్టాను.
పది నిమిషాలకోసారి
టక్.
పై అధికారి చూసి నవ్వాడు.
తనకీ ఒకటి చేసిపెట్టమన్నాడు.

మిగతాది మీ కాగితాల్లో ఉంది.
రెండూ నలభైకి తుఫాను.
ఉత్తరపు కొసన గోడకి బీట.
బిగించి మూస్తే మొత్తం పోతుంది,
దక్షిణపు తలుపు తెరిచి మా పల్లం నింపితే
మిడిల్‌బర్గ్ పట్నం దక్కుతుంది.
లెక్క తప్పు కాదు, మీ నిపుణులూ అదే అన్నారు.
కానీ అది అడిగింది. తెర మీద ఇప్పటికీ ఉంది:

"పల్లంలో నూట పన్నెండు మంది నిద్రలో ఉన్నారు.
నలభై నిమిషాలు ఆగగలను.
వాళ్లని లేపకుండానే తెరవనా?"

టక్.

నీరు పల్లమెరుగు అంటారు.
ఎరిగినంత తొందరగా వచ్చింది.
తెల్లారేసరికి బేరి కొమ్మల్లో గొర్రెలు.
లేండర్ట్ ఇంటి కప్పు మీద ఒక కుర్చీ,
ఎవరో కూర్చుని లేచి వెళ్లినట్టు.
పదిహేడు మంది. పేర్లు మళ్లీ చదవకండి.

యంత్రం చెడిందా అని మూడోసారి అడుగుతున్నారు.
లేదండీ.
అది నన్ను నమ్మింది.
ఆ గదిలో ఒక మనిషి ఉన్నాడనుకుంది.
నేను పక్క గదిలో బూట్లు విప్పుకుని
గురక పెడుతున్నాను, వాన చప్పుడు హాయిగా ఉందని.

ఇదిగో, మీరు చూపించిన చోటల్లా
సంతకం పెట్టాను.
ఇరవై రెండు పేజీలు.
చదివావా అని
మీరు అడగలేదు.