ముట్టిన తేదీ

చిన్నరైలు ఆగిపోయిన ఏడాది
గుణుపురం గూడ్సు షెడ్డు ఖాళీ చెయ్యమన్నారు.
తుప్పుపట్టిన తూకంరాళ్ళు, పగిలిన లాంతర్లు,
ఎవరూ వచ్చి అడగని గొడుగులు పదమూడు,
వాటి వెనక, దీపాలగది నేలలో తవ్విన చల్లటి గుంటలో
ఒక చెక్కపెట్టె.

దాన్ని నేనెరుగుదును, కాగితం మీద.
నాకు చార్జి అప్పగించిన రోజు బెహరా కూర్మారావు గారు
జాబితా అట్టడుగున వేలు పెట్టి చూపించారు:
"పెట్టె ఒకటి. దూరదేశం. లోపలేముందో తెలీదు.
నాకూ ఇలాగే ఇచ్చారు."
ఏడుగురు గుమాస్తాల సంతకాల కింద
ముప్ఫై ఎనిమిది నుంచీ అలా కూర్చునుంది.

చిరునామా: కొండమీది పాదిరి, అర్మాన్ దొర.
పెట్టె నౌపడలో బండెక్కిన వారమే
ఆయన్ని చలిజ్వరం తీసుకుపోయిందట.

పన్నెండు సీసాలు.
పదింటి బిరడాలు చెదలు తినేసింది.
ఒకటి ఎప్పుడో పగిలి గడ్డిని నల్లగా చేసింది.
పన్నెండోది మాత్రం మెడదాకా నిండుగా ఉంది,
దీపానికి అడ్డం పెడితే
మాగాయ ఊట రంగు.
చీటీ మీద ఒక రాతిమేడ, ఇనుప గేటు,
మేడ చుట్టూ దువ్వెనతో దువ్వినట్టు ద్రాక్ష వరసలు.

గడ్డిలో మడిచిన ఉత్తరం.
యానాం ఫ్రెంచిబడిలో చదువుకున్న అప్పాజీ గారు
అద్దాల మీద భూతద్దం పెట్టుకుని చదివారు:

"తమ్ముడూ,
నువ్వు ఓడెక్కిన ఏడాది తొక్కిన పళ్ళివి.
ఇప్పుడు తాగితే వగరు, పొగరు, అచ్చం నాన్నలాగ.
ఇరవై ఏళ్ళు ముట్టకు.
ఆ తర్వాత ఎవరితోనైనా కలిసి తాగు, ఒక్కడివీ వద్దు.
ఉత్తరం పక్క తీగలు మంచుకి పోయాయి.
తాత నాటినవి నిలిచాయి.
అమ్మ బాగుంది."

అప్పాజీ గారు అక్కడ ఆగి
"ఇంకేమైనా కాగితం ఉందా?" అన్నారు.
లేదు.

సోంబారు రైతో రోజూ కొండదిగి జీలుగుకల్లు తెస్తాడు.
వాడి సరుకు ఆయుష్షు ఒక్క పూట:
తెల్లారి తీపి, పదింటికి చురుకు,
పొద్దు వాలితే పారబోతే.
సీసాని అటూ ఇటూ తిప్పి చూశాడు.
"అరవయ్యారేళ్ళా! సచ్చిపోనేదేటి బాబూ?"

బిరడా పొడిపొడిగా లోపలికి జారింది.
నా తువ్వాలు కొసతో వడగట్టి
రెండు అడ్డాకు దొన్నెల్లో పోసుకున్నాం.

మొదట తడి ఇటుక.
తర్వాత ఏళ్ళనాటి చింతపండు జాడీ మూత తీసినట్టు.
ఆ తర్వాత ఏమీ లేదు, చాలాసేపు.
గొంతు దిగి వెళ్ళిపోయిందనుకున్నాక
గుమ్మం దాటిన మనిషి మళ్ళీ తొంగిచూసినట్టు
ఏదో ఎండిన పువ్వు,
దాని పేరు మా ఇద్దరికీ తెలీదు.
బతికుందని చెప్పలేను.
చచ్చిందనడానికి నోరు రాలేదు.

సోంబారు దొన్నె అడుగు చూస్తూ అన్నాడు:
"జీలుగు మా తాత పాతినాడు.
అది గెలేసీసరికి మా అయ్యకి నాను పుట్టీసినాను.
మాం సెట్టుల దాసుకుంతాం, ఆలు సీసాల దాసుకున్నారు.
తాగీవోడు మాత్తరం ఎవుడో."

పార్సెలు పుస్తకం తీశాను.
రేపు దాన్నీ కట్టగట్టి విశాఖ పంపెయ్యాలి.
'ముట్టిన తేదీ' గడి ఇంకా తెల్లగానే ఉంది.
ముట్టకు అన్న మాటలోనే
ముట్టింది అన్న మాట దాగుందని
ఆ అన్నగారికి ఎవరు చెబుతారు?
తేదీ వేశాను.
సంతకం చోట సోంబారు బొటనవేలు.
సిరా అక్కర్లేకపోయింది.

మర్నాడు బండి రాని ప్లాట్‌ఫారం మీద
కుండ దించి తొందరపెట్టాడు:
"బేగి తాగీ బాబూ,
ఎండెక్కిపోతంది."