బుసకొట్టే క్రియ

సెన్ లూయీ పోస్టాఫీసు ఎదుట
ఉప్పుగాలి తినేసిన రేకు కింద
మాపాతె గేయ్ కుర్చీ.
మూడు కాళ్ళు కర్రవి, నాలుగోది ఇటుక.
పక్కన నేను: కవర్లు, స్టాంపులు, సీసాల్లో అల్లం రసం.

ఫ్రెంచి రానివాళ్ళ కోపాలనీ బాకీలనీ
ఫ్రెంచిలో పెట్టడం ఆయన వృత్తి.
పేజీకి రెండొందలు.
ఆ కాలం వాడినందుకు పైసా ఎక్కువ అడగడు,
వద్దంటే మాత్రం ఒప్పుకోడు.

ఏ కాలమంటారా?
పారిస్‌లో కూడా ఇప్పుడు ఎవరి నోటా రానిది.
గడిచిపోయిన కోరికలకి తొడిగే కోటు.
నేను రావాలని, నువ్వు రావాలని, అతను రావాలని
ఎవరో ఎప్పుడో అనుకున్నారు:
వేఁస్, వేఁస్, వేఁ.
మూడో మనిషికి మాత్రం అక్షరం నెత్తిన బుల్లి టోపీ.
"ఆ టోపీ కింద ఒక పాత అక్షరం పడుకుని ఉందిరా,
మెల్లగా చదువు" అనేవాడు నాతో.

ఒక మంగళవారం కినె సెక్ వచ్చింది,
మోచేతుల దాకా చేప పొలుసులు మెరుస్తూ.
కావోలాక్‌లో ఉన్న అక్కకి ఉత్తరం.
ఒక కుట్టుమిషను దగ్గర తెగిన మాటలు,
పదకొండేళ్ళు.
"రాయి. అమ్మని మట్టిలో పెట్టిన రోజు
నువ్వు రావాలని అనుకున్నాను."
రాశాడు. పైకి చదివాడు.
ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.
"ఆ మాట బుస కొడుతోంది."

ఆయన వేలుపెట్టి చూపించాడు:
రెండు ఎస్‌లు, ఒకదాన్నొకటి ఆనుకుని,
పడగలెత్తి.
"నాకిప్పుడు కోపం లేదు. ఆ పాముల్ని తీసెయ్."
"తియ్యను."
"మన వొలోఫ్‌లో ఎవరొచ్చినా
వచ్చే మాట అదే కదా పెద్దాయనా,
నేనూ నువ్వూ అనేవే గుడ్డలు మార్చుకుంటాయి.
వీళ్ళకి రావడం మీద ఇంత బరువెందుకు?"

వంతెన మీద లారీ ఒకటి పోయేదాకా ఆగాడు.
తర్వాత, నాకెప్పుడూ చెప్పనిది, ఆమెకి చెప్పాడు:
ఎనిమిదేళ్ళప్పుడు బడిలో
పొరపాటున అమ్మ భాష నోట్లోంచి జారితే
మెడలో కొయ్యముక్క కట్టారట.
ఇంకొకణ్ణి పట్టిస్తేగానీ విప్పరట.
"నా తమ్ముణ్ణి పట్టించాను.

వాడు నన్ను క్షమించాలని అనుకున్నాను.
ఆ వాక్యం ఈ కాలంలోనే నిలబడుతుంది తల్లీ.
క్షమించాడో లేదో దీనికి తెలియదు.
అడగదు కూడా."

కినె సెక్ నా దగ్గర అల్లం రసం కొనుక్కుని
సగం తాగి, సీసా ఆయన ముందు పెట్టింది.
"ఉంచు" అంది. సీసానో, పాముల్నో.

వానలు వెలిశాక జవాబొచ్చింది.
కావోలాక్‌లోనూ ఎవరో ఉన్నారన్నమాట,
ఏదో రేకు కింద, ఏదో ఇటుక మీద,
ఇదే కోటు కుట్టేవాళ్ళు.
"నువ్వు పిలవాలని నేనూ అనుకున్నాను."
చదవబోయి మాపాతె గేయ్ ఆగిపోయాడు.
జేబులోంచి ఎర్ర పెన్సిలు బయటికొచ్చింది.
అప్లాస్ అని ఉండాల్సిన చోట
ఒక ఎస్ తక్కువ.

నలభై ఏళ్ళలో తప్పుని చూసి ఊరుకోలేదు ఆయన.
మందుచీటీల మీద కూడా దిద్దిన మనిషి.

ఉన్నది ఉన్నట్టే చదివాడు, ఒంటి ఎస్ పలికినట్టే:
"అప్లాజ్."
కినె సెక్ తలెత్తింది.
"ఇది పాము కాదే."
"కాదు."
"మరేంటి? తుమ్మెదలా ఉంది."

ఎర్ర పెన్సిలు చెవి మీదకి వెళ్ళింది.
"మళ్ళీ చదవనా?" అన్నాడు.
నేను సీసాలు సర్దడం ఆపేశాను,
చప్పుడవుతుందని.